ఆల్చిప్పల్లో ఏం కలిపారు?

"అసలు ఏం కలుపుతున్నారండీ ఆల్చిప్పల్లో?"

కొట్టు తెరిచి పావుగంట కాలేదు. గొడుగు కూడా మూయకుండా లోపలికొచ్చి, నలుగురు కొనేవాళ్ళ ముందు ఆ మాట అనేసింది ల్యాబ్ అమ్మాయి. నా చేతిలో చాకు అలాగే ఆగిపోయింది.

"మా కొట్లో కల్తీయా!" తక్కెడ దగ్గర్నుంచి అమ్మ లేచింది.

రెండు నెలలుగా రోజూ పొద్దున్నే వచ్చి, చిప్పలు ఒలిపించుకుని మాంసం పట్టుకెళ్తుంది ఈ అమ్మాయి. ఆమె రాకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. ఆ సంగతి ఆమెకు తెలీదు.

"నా టెస్టులో ఊదారంగు నీళ్ళుంటాయి. మాంసం రసంలో యాంటీఆక్సిడెంట్లుంటే, అంటే ఒంటికి లోపల తుప్పు పట్టకుండా కాపాడేవి, ఆ రంగు పోతుంది. మీ ఆల్చిప్పలకి నిమిషంలో పోయింది! మా ప్రొఫెసర్ ఎగిరి గంతేశారు. నిన్న మీ కొట్టు మూసేస్తే పక్క కొట్లో కొన్నాను. అదే పడవ, అదే సరుకు. అరగంటైనా కొద్దిగా పాలిపోయిందంతే. రేపు అందరి ముందూ నా సెమినార్. చెప్పండి, ఏం కలిపారు?"

చాకు పక్కన పెట్టాను.

"నిమ్మకాయ," అన్నాను.

"ఏంటీ?"

"దాన్ని పిండి కడుగుతున్నానండీ. మొదటిరోజు నీచువాసనకి మీరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారుగా..."

"అందరికీనా?"

"మీ ఒక్కరికే."

ముందు తేరుకున్నది అమ్మే. "ఒరేయ్! రోజుకి రెండు నిమ్మకాయలు మాయమవుతుంటే ఎలకలనుకున్నాను కదరా!"

ల్యాబ్ అమ్మాయి ఖాళీ ఐసుపెట్టె మీద కూలబడింది.

"నిమ్మకాయ నిండా యాంటీఆక్సిడెంట్లే మహానుభావా! ఇన్నాళ్ళూ నేను కొలిచింది ఆల్చిప్పల్ని కాదు, మీ నిమ్మకాయల్ని!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ప్రాణం ఉసూరుమంది. మేలు చేద్దామని పోయి ఆమె కొంప ముంచాను.

అప్పటికప్పుడు కొత్త చిప్పలు ఒలిచి, ఉత్త నీళ్ళతో కడిగి, వానలో ఆమె వెనకే ల్యాబ్‌కి పరిగెత్తాను. గాజుగొట్టాన్ని ఇద్దరం కన్నార్పకుండా చూశాం. అరగంటకి ఊదారంగు కాస్త, కాస్తంటే కాస్తే, పాలిపోయింది.

"ఉన్నాయి," అంది నెమ్మదిగా. "కొంచెమే. కానీ నిజంగా ఉన్నాయి."

సెమినార్ అయిన మర్నాడు ఇక రాదనుకున్నాను. వచ్చింది.

"ప్రొఫెసర్ ఏమన్నారు?"

"మళ్ళీ మొదట్నుంచి చెయ్యమన్నారు. తప్పెలా జరిగిందో చెప్తే హాలంతా నవ్వింది. ఇంట్లో చెప్తే మాత్రం నాన్న నవ్వలేదు."

నేను తలొంచుకుని చిప్ప ఒలవడం మొదలుపెట్టాను.

"రెండు పొట్లాలు కట్టండి. ల్యాబ్‌ది ఉత్త నీళ్ళతో కడగండి."

"రెండోది?"

"ఇంటికి. సాయంత్రం మీరూ అమ్మగారూ తీసుకురావాలట. మిమ్మల్ని చూడాలన్నారు నాన్న." గొడుగు విప్పుతూ, నా వైపు చూడకుండా అంది. "దానికి నిమ్మకాయ పిండండి."

నేను చాకు పట్టుకుని కొయ్యబారిపోయాను. అమ్మ ఆ చాకు లాక్కుని, అప్పటికే నిమ్మకాయ కోసేస్తోంది.