పాత వైర్లు వాడొద్దన్నాడు

ముందే మీకో నిజం చెప్పేస్తాను. నా వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అతని మీద నేను చెప్పిన ఒక్క అబద్ధం వల్ల. ఆ అబద్ధం చెప్పేనాటికే అతనంటే నాకిష్టం. ఇది చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి. నేనైతే చాలా రోజులుగా అదే పనిలో ఉన్నాను.

మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. అమ్మ ఎంబ్రాయిడరీ మెషిన్లకి డిజైన్లు చేస్తుంది. స్కూలు బ్యాడ్జీలు, దిండు గలీబుల మీద పువ్వులు, పసిపిల్లల గౌన్ల మీద బాతులు. సూది ఎక్కడ దిగాలో ఎక్కడ లేవాలో, ఒక్కో కుట్టూ కంప్యూటర్‌లో తనే పెడుతుంది. ఆరేళ్ల పని మొత్తం ఒక్క డెస్క్‌టాప్‌లో ఉంది. నేనేమో ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివాను. బ్యాకప్ సంగతి మాత్రం అడక్కండి. శకునం చెప్పే బల్లి కుడితిలో పడుతుందని ఊరికే అనలేదు.

ఆ వానల్లో కంప్యూటర్‌కి జబ్బు చేసింది. ఫ్యాను గరగరమనడం, పట్టుమని పావుగంట పనిచేయకుండానే టక్కున ఆగిపోవడం. విప్పి చూశాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ కింద పేస్టు ఎండి సున్నంలా రాలుతోంది. పవర్ సప్లై ఎప్పటిదో. రెండూ మార్చాలని తేల్చేసి, తడిసిన గొడుగుతో షాపుకి వెళ్లాను.

"ఎనిమిది వందల యాభై వాట్స్ పవర్ సప్లై. వాటర్ కూలర్, లైట్లున్నది" అన్నాను కౌంటర్ దగ్గర, ఇడ్లీ ఆర్డర్ ఇచ్చినంత ధీమాగా.

కౌంటర్ వెనకాల అతను తలెత్తాడు. "గేములాడతారా?"

"అమ్మ వాడుతుందండీ. డిజైన్ సాఫ్ట్‌వేర్."

"గ్రాఫిక్స్ కార్డు ఉందా?"

"లేదు."

"మరి అన్ని వాట్స్ ఏం చేసుకుంటారు? వీధి లైట్లు వెలిగిస్తారా?"

నాకు ఒళ్లు మండింది. "ఎక్కువ ధరది అమ్ముకోవడం చేతకాదా మీకు?"

"చేతనైతే ఇంకా ఇదే కౌంటర్ దగ్గర ఎందుకుంటాను? సరే, కంప్యూటర్ ఎక్కడ పెట్టారు? బల్ల మీదా, కిందా?"

"బల్ల మీదే. అమ్మ చెవి పక్కన."

"రోజుకి ఎంతసేపు కూర్చుంటారు ఆవిడ?"

"పది గంటలు."

అతను పెన్ను కింద పెట్టేశాడు. "అయితే ఆవిడకి కావాల్సింది లైట్లు కాదండీ. చప్పుడు లేకపోవడం. ఐదు వందల యాభై వాట్స్ చాలు. పెద్ద ఫ్యానున్న మామూలు కూలర్, నెమ్మదిగా తిరిగేది. క్యాబినెట్‌లో ఖాళీ ఎంతుందో కొలిచారా?"

"కొలిచాను. ఇంజనీర్ని."

"బయట్నుంచా, లోపల్నుంచా?"

"లోపల్నుంచే."

బయట్నుంచి కొలిచాను. మర్నాడు కూలర్ బిగించి చూస్తే క్యాబినెట్ తలుపు పడలేదు. మళ్లీ గొడుగు, మళ్లీ షాపు.

"తలుపు పడలేదా?" అన్నాడు నేను నోరు తెరవకముందే. కౌంటర్ కింద నుంచి పొట్టి కూలర్ తీసి ముందు పెట్టాడు. నాకోసం ముందే పక్కన పెట్టినట్టున్నాడు.

"మీకెలా తెలుసు?"

"నిన్న జవాబు చెప్పే ముందు మీరు ఫ్యాను వైపు చూశారు. అబద్ధం చెప్పేవాళ్లు నా మొహం తప్ప అన్నీ చూస్తారు."

ఆ రోజు మొదటిసారి అతని మొహం సరిగ్గా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

పవర్ సప్లై స్టాకు లేదు, వారం పడుతుందన్నాడు. వచ్చాక ఫోన్ చేస్తానని నంబరు తీసుకున్నాడు. నేను అతని నంబరు 'వాట్స్' అని సేవ్ చేసుకున్నాను. ఆ వారంలో 'స్టాకు వచ్చిందా' అని పదకొండు మెసేజ్‌లు పెట్టాను. స్టాకు గురించి నిజంగా అడిగినవి రెండు.

అది వచ్చిన రోజు జోరున వాన. షాపు బయట రేకు కింద ఇద్దరం నిలబడ్డాం. రేకు చివర్నుంచి ధార సరిగ్గా మా ఇద్దరి మధ్య పడుతోంది.

"రేపు నాకు సెలవు. వచ్చి బిగించనా?" అన్నాడు. నన్ను కాదు, ధారని చూస్తూ అడిగాడు.

రమ్మనాలని గొంతు దాకా వచ్చింది. "అక్కర్లేదండీ, నేను ఇంజనీర్ని" అని బయటికొచ్చింది. చదువుకున్న నోరు, ఏం చేస్తాం.

అతను కొంచెం చిన్నబోయాడు. "సరే. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. కూలర్ అడుగున ప్లాస్టిక్ కాగితం ఉంటుంది, పీకేయండి. పేస్టు బఠాణీ గింజంత చాలు. పాత పవర్ సప్లై వైర్లు వాడొద్దు. కొత్త డబ్బాలో ఉన్నవే పెట్టండి. ప్లగ్గు ఒకేలా ఉంటుంది, పట్టేస్తుంది కూడా. లోపల కరెంటు దారి వేరు."

మూడింటిలో రెండు విన్నాను.

మూడోది వినకపోవడానికి కారణం బద్ధకం. పాత వైర్లని క్యాబినెట్ వెనకాల నేనే ఒకప్పుడు ముచ్చటగా కట్టాను. అవి విప్పాలంటే గంట పని. ప్లగ్గు చూస్తే అదే ఆకారం. పెట్టాను, పట్టింది. పట్టినప్పుడు 'వాట్స్ గారికి అన్నీ అనుమానాలే' అని నవ్వుకున్నాను కూడా.

స్విచ్ నొక్కాను. టప్‌మంది. సన్నగా పొగ, కాలిన వాసన. తక్కినవన్నీ బాగానే ఉన్నాయి. పోయింది డిస్కు ఒక్కటే. అమ్మ ఆరేళ్లూ ఉన్న డిస్కు.

అమ్మ గుమ్మంలో నిలబడింది. "ఏంటే ఆ వాసన?"

నేను బల్ల మీది గడియారం వైపు చూశాను. "షాపువాడు ఇచ్చిన సామాను సరైంది కాదమ్మా."

అంతే. ఆరు మాటలు కూడా లేవు.

అమ్మ ఏడవలేదు. నేను స్నానానికి వెళ్లొచ్చేసరికి, విప్పి బల్ల మీద పెట్టిన పవర్ సప్లై, అక్కడున్న వైర్లు అన్నీ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. గంట తర్వాత వచ్చి కూలబడింది.

"పది మంది ముందు కడిగేశాను. వాడు ఎదురు చెప్పలేదు. 'వైర్లు తప్పు సెట్టు ఇచ్చానండీ, పొరపాటు నాదే' అని ఒప్పుకున్నాడు."

నాకు దొంగకి తేలు కుట్టినట్టయింది. ఆ సంచిలో డిస్కుకి పెట్టిన పాత వైరూ ఉంది, కట్టు విప్పని కొత్త వైర్లూ ఉన్నాయి. చూడగానే అతనికి తెలిసిపోయి ఉంటుంది.

ఫోన్ చేయాలి. 'వాట్స్' అన్న పేరు మీద వేలు పెట్టడం, తీసేయడం. రేపు చేద్దాం. రేపు. అటువైపు నుంచీ ఏమీ లేదు. అమ్మ గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో బాతుని మళ్లీ మొదట్నుంచి గీయడం మొదలుపెట్టింది. ఆ పెన్సిల్ చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపించేది.

పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు షాపుకి వెళ్లాను. కౌంటర్‌లో వేరే అతను ఉన్నాడు.

"ఆయనా? మాన్పించేశారండీ. ఎవరిదో డిస్కు కాల్చాడట. బస్ డిపో వెనకాల పాత కంప్యూటర్లు విప్పే గోడౌన్ ఉంది, అక్కడ చేరాడు. మీకేం కావాలి?"

నాకేం కావాలో ఆ షాపులో దొరకదు.

గోడౌన్‌లో పగలే చీకటి. పాత మానిటర్లు గోడల్లా పేర్చి ఉన్నాయి. పై రేకులోంచి కారిన నీళ్లు ఒక బకెట్‌లో టప్ టప్ అని పడుతున్నాయి. అతను నేల మీద కూర్చుని స్క్రూలు విప్పుతున్నాడు. నన్ను చూశాడు, మళ్లీ స్క్రూ వైపు చూశాడు.

"తప్పు నాది. పాత వైర్లు నేనే పెట్టాను" అన్నాను.

"తెలుసు."

"మరి అమ్మతో ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ కౌంటర్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆరేళ్ల పని పోయిందన్నారు. మీ అమ్మాయే చేసిందని చెబితే ఇంటికెళ్లి ఎవరి ఎదురుగా కూర్చుని అన్నం తింటారు? నా మీదైతే ఎంత కోపమైనా పెట్టుకోవచ్చు. పరాయివాణ్ణి."

పరాయివాణ్ణి అన్న మాట విని, నేనూ వెళ్లి అతని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మరీ అంత మంచివాడిననుకోకండి" అన్నాడు. "ఉద్యోగం పోతుందని ముందే తెలిస్తే చెప్పేసేవాణ్ణేమో. తర్వాత రెండుసార్లు మీ వీధి దాకా వచ్చాను. మీ గేటు ముందు నిలబడి అరవాలని."

"అరవాల్సింది."

"మీరు ఫోన్ చేస్తారని చూశాను." స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "వైరు ఎవరైనా తప్పు పెడతారండీ. నేనూ పెట్టాను, నేర్చుకునేటప్పుడు. నా బాధ వైరు గురించి కాదు. పదకొండు రోజులు."

అతనూ లెక్కపెట్టాడు.

చెప్పకూడని చోట చెప్పకూడని మాట చెప్పేశాను. "మీరంటే నాకిష్టం."

బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్నాయి. అతను లేచి వెళ్లి పారబోసి వచ్చాడు.

"ఆ మాట ఇప్పుడొద్దు. ముందు చెప్పాల్సిన మాట వేరే ఉంది. చెప్పాల్సిన మనిషీ వేరే."

ఆ సాయంత్రమే అమ్మకి చెప్పాను. తను గళ్ల కాగితం మీద బాతు ముక్కు దగ్గరుంది. పెన్సిల్ ఆగింది.

"నేనా పిల్లాణ్ణి ఏమేమన్నానో తెలుసా నీకు?" అంది మెల్లిగా. "నీ ఇంట్లో ఎవరూ కష్టపడి బతకరా అని కూడా అన్నాను. తల దించుకుని విన్నాడు."

అరిస్తే బాగుండేది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, 'తిను' అనేది కాదు. ఆరేళ్ల పని పోయినందుకు కాదు ఆ మౌనం. అది నాకూ తెలుసు.

శనివారం సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి, "చెప్పులేసుకో" అంది.

షాపు కిటకిటలాడుతోంది. అమ్మ నేరుగా ఓనర్ ముందుకెళ్లి గొంతు పెంచింది. "ఆ రోజు ఇక్కడే నిలబడి అరిచాను. అప్పుడెంతమంది ఉన్నారో అంతమంది ఉండే వేళ చూసుకునే వచ్చాను." నా వైపు తిరిగింది. "చెప్పు."

చెప్పాను. కొత్త వైర్లు కట్టు కూడా విప్పలేదని, నాకు చెప్పినా వినలేదని, అతనిది రవ్వంత తప్పు కూడా లేదని. పెన్‌డ్రైవ్ కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన బేరం ఆపి మరీ విన్నాడు. సిగ్గుతో చచ్చిపోతారంటారు గానీ పోరండీ. నిలబడే ఉంటారు.

ఓనర్ ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "నిజమేనమ్మా, పవర్ సప్లై మేమూ పరీక్ష చేశాం, బాగానే ఉంది. వైర్లతో సహా తీసుకెళ్లండి. కానీ అతని స్థానంలో వేరే వాళ్లని పెట్టేసుకున్నాం కదా. ఇప్పుడు ఆ కొత్తతన్ని పొమ్మనలేను."

సినిమాల్లోలా ఉద్యోగం తిరిగి రాలేదు.

అక్కణ్ణుంచి గోడౌన్‌కి. అమ్మని చూసి అతను గబుక్కున లేచాడు, ఒళ్లో స్క్రూలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"నోరు పారేసుకున్నాను బాబూ" అంది అమ్మ.

"అయ్యో, వదిలేయండి ఆంటీ."

"వదిలేయను. రేపు ఇంటికి రా. పని చేయడానికి కాదు. పని అది చేస్తుంది. నువ్వు కూర్చో."

అమ్మ వెంట తెచ్చిన కాలిన డిస్కుని అతను అడిగి తీసుకున్నాడు. గోడౌన్ అంతా వెతికి అలాంటిదే ఒకటి పట్టుకుని, దాని బోర్డు దీనికి మార్చి చూశాడట. మర్నాడు తలుపు దగ్గరే తల అడ్డంగా ఊపాడు. బతకలేదు. అమ్మ ఒక్క నిమిషం కిటికీలోంచి వాన చూసి, "సరేలే, బాతు అయిపోయింది. ఇక పువ్వులు" అంది.

అతను కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను నేల మీద. ముచ్చటగా కట్టిన వాటిలో మిగిలిన పాత వైర్లన్నీ విప్పి, కొత్తవి ఒక్కొక్కటే పెట్టాను. కొత్త డిస్కు బిగించాను. గంటన్నర పట్టింది. అంతసేపూ అతను ఒక్క సలహా ఇవ్వలేదు. నా వైపు చూస్తున్నాడని మాత్రం వెన్నుకి తెలుస్తూనే ఉంది.

అయిపోయింది. టార్చ్ అతనికి అందించాను. "ఒకసారి చూడండి."

"ఏం చూడాలి?"

"వైర్లు. సరిగ్గా పెట్టానో లేదో."

టార్చ్ తీసుకున్నాడు. ఆర్పేశాడు. బల్ల మీద పెట్టి, క్యాబినెట్ లోపలికి ఒక్కసారి కూడా తొంగి చూడకుండా, చెయ్యి చాపి స్విచ్ తనే నొక్కాడు.

నేను కళ్లు మూసుకున్నాను. ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిస్తే ఫ్యాను తిరుగుతోంది, నెమ్మదిగా. అతను నన్నే చూస్తున్నాడు. ఈసారి నేను గడియారం వైపూ చూడలేదు, గోడ వైపూ చూడలేదు.

"అయిందా? లేవండి ఇద్దరూ, నాకు పనుంది" అంది అమ్మ కుర్చీ లాక్కుంటూ.

అతనింకా గోడౌన్‌లోనే ఉన్నాడు. ఆదివారాలు మా ఇంటికొస్తాడు. కొన్ని ఆదివారాలు మాటల మధ్యలో ఉన్నట్టుండి దూరంగా వెళ్లిపోతాడు, పదకొండు రోజుల అవతలికి. నేను పిలవను. తనే తిరిగొచ్చేదాకా పక్కన కూర్చుంటాను.

సరే, నాది నేను చెప్పేశాను. మీరు చెప్పాల్సిన నిజం ఎన్ని రోజులు దాచారు? దానివల్ల దెబ్బతిన్న మనిషి మళ్లీ మీ ఇంటికి వచ్చారా, రాలేదా? రాకపోయినా సరే, కింద రాయండి. అన్నీ చదువుతాను.