నోరు ఎడమ

పదకొండో పళ్లెం నికషం అనే పరీక్షాయంత్రం కిందికి వచ్చింది. దానయ్య గదిలో దీపం ఆర్పి, అతినీలలోహిత కాంతి వెలిగించాడు.

అంతవరకూ సుద్దముక్కల్లా పాలిపోయి ఉన్న శంకునత్త గుల్లలమీద రంగు తేలింది. నారింజ చుక్కలు, వలకళ్ల లాంటి అల్లికలు, నిప్పుగీతలు. రెండు కోట్ల ఏళ్ల కిందటివి. ఆ నత్తలు బతికున్నప్పుడు కూడా వాటిని బురద తప్ప ఎవరూ చూడలేదు. ఆరేళ్లుగా చూస్తున్నా ఈ క్షణంలో దానయ్యకు ఊపిరాడదు.

నికషం ఒక్కో గుల్లనూ పాత బొమ్మలతో పోలుస్తుంది. "లేదు" అంటే కొత్త జాతి, ఆ గుల్ల భద్రం. "ఉంది" అంటే బట్టీకి. అక్కడ కాలిన సున్నాన్ని పడవలు ఆమ్లం పెరిగి పులిసిన సముద్రంలో కలుపుతాయి. సున్నం ఆగితే సముద్రంలో బతికున్న గుల్లలు కరిగిపోతాయి.

ఉంది. ఉంది. ఉంది.

ఎనిమిదోదానికి మట్టి అంటి యంత్రం ఆగింది. తుడవడానికి దానయ్య అద్దం ఎత్తి గుల్లను తీశాడు. చేత్తో పట్టుకోవడం ఆరేళ్లలో ఇదే మొదలు. తుడిచి, చుట్లు పైకి ఉండేలా కెమెరా ముందు పట్టాడు. నోరు ఎడమకు ఉంది. తెరమీద అదే గుల్ల, నోరు కుడికి. కింద సన్నటి అక్షరాలు: తిరగబడిన బొమ్మ సరిచేయబడింది. ఉంది.

శంకునత్త నోరు కుడికే ఉంటుందని నికషానికి నేర్పారు. ఎడమకు కనిపిస్తే అది బొమ్మను తిప్పేస్తుంది.

గుల్లల్ని చేత్తో పళ్లెంలో పేర్చే రోజుల్లో ఈ బల్ల దగ్గర అతని భార్య పోలమ్మ పనిచేసింది. నలభై ఒక్కసార్లు పద్దులో "నోరు ఎడమ" అని రాసింది. తెరమీద కుడికే ఉంది కదా అని పర్యవేక్షకురాలు హైమవతి ప్రతిదాని పక్కనా "చేతి తప్పు" అని రాసి, చివరికి ఆమెను బట్టీకి మార్చింది. రెండేళ్లలో సున్నపు ధూళి పోలమ్మ ఊపిరితిత్తుల్ని తినేసింది.

కబురందుకుని హైమవతి వచ్చింది. గుల్లను చాలాసేపు తిప్పి చూసింది. ఈ ఒక్కదాన్ని మాత్రం భద్రపరుద్దామంది. సరిచేయడం ఆపితే పదహారేళ్ల బొమ్మల్నీ నికషం మళ్లీ చదవాలనీ, అందాకా బట్టీ ఆగుతుందనీ, రేవులో పడవలు ఖాళీగా నిలబడతాయనీ చెప్పింది.

"పోలమ్మ పేరుమీదున్న తప్పులు కొట్టేస్తాను. వదిలెయ్యండి, దానయ్యగారూ."

"నలభై ఒకటీనా?"

"అన్నీ."

"ఎడం చెయ్యేదో తెలీని మనిషని అందరిముందూ నవ్వారు కదమ్మా. అదెలా కొట్టేస్తారు?"

దానయ్య సరిచేయడాన్ని ఆపే మీట కిందికి లాగాడు.

బట్టీ హోరు ఆగింది. తెరమీద గుల్లలు వందలు, వేలు, వెలుగుతూ ఒక్కొక్కటే ఎడమకు తిరిగాయి. ఎవరూ పేరుపెట్టని బొమ్మలు. ఎక్కువభాగం ఏనాడో సున్నమైపోయినవి.

కొత్త జాతి, పేరు? అని నికషం అడిగింది.

"పోలమ్మ పేరు పెట్టండి," అంది హైమవతి మెల్లగా.

"వద్దు. ఆవిడ రాసిందే రాయండి."

గుల్లలు తిరుగుతూనే ఉన్నాయి. కళ్లు చూపించుకోమని ఆ రోజుల్లో పోలమ్మకు చెప్పింది అతనే. ఇప్పుడు ఒక్కటీ వదలకుండా చూస్తూ నిలబడ్డాడు.