కుడిపక్కన నిలిచినవాడు

యవన దేశంలోని కలిద్రానగరం ముందరి మైదానంలో ధూళి అణగేసరికి, మూడు తరాలుగా యుద్ధమంటే తమదేనని విర్రవీగిన అశ్వపతులు తొలి తాకిడికే పలాయనం చిత్తగించి ఉన్నారు. శత్రువును తరిమికొట్టినది కుమ్మరులు, ఆలివుతోటల రైతులు. వారిని ఒక్క గోడగా నిలిపినవాడు సేనాని ఫిలైదాసు. ఆ గోడలో ఎవని డాలు వానిని సగమే కాస్తుంది. ఆ డాలులో తక్కిన సగం ఎడమపక్కవానిని కాస్తుంది. అక్కడ ప్రభువు లేడు, కుమ్మరి లేడు, పక్కవాడున్నాడు, అంతే.

ప్రధాని క్రియోంతుని గుండెల్లో రాయి పడినదీ అందుకే.

"మహారాజా! నేడు డాలు మోసినవాడు రేపు సభలో ఆసనం అడుగుతాడు. వెంటనే ఆయుధాలు దింపించండి," అన్నాడు.

"అడిగితే తప్పేమి?" అన్నాడు ఫిలైదాసు. "ఈ కోట నిలిచినది వారి భుజాల మీద. సభలో చోటివ్వండి ప్రభూ. ఇవ్వకుంటే వారే తీసుకుంటారు."

నూనూగు మీసాల రాజు అగేలుడు ప్రధాని ముఖం చూసి, సేనాని వైపు తిరిగాడు. "మా తండ్రి ఎదుట ఈ గుమ్మం కాస్తానని ప్రమాణం చేసినవాడవు. వెళ్ళి ఆయుధాలు దించమని మా ఆజ్ఞ వినిపించు."

వినిపించాడు. కుమ్మరి మైరోను పకపక నవ్వాడు. "డాలు దించితే ఈ చేత్తో ఏం చెయ్యమంటారు సేనానీ, ఈగలు తోలుకోమంటారా?" నవ్వు వరుసంతా పాకి, ఉన్నట్టుండి ఆగిపోయింది. అడుగులు రాజమందిరం వైపు కదిలాయి.

ఫిలైదాసు ముందుగా పరుగున పోయి, గుమ్మానికి అడ్డంగా ఒంటరిగా నిలిచాడు. "మీ కోరిక న్యాయం. నా ప్రమాణమూ నిజం. నన్ను చంపి లోపలికి పొండి!"

ఎవడూ ఈటె ఎత్తలేదు. మైరోను ఒక్కడే ముందుకొచ్చాడు. "తమర్ని చంపడానికి మాకు చేతులెట్లా వస్తాయయ్యా? రాజుగారిని బయటికి రమ్మనండి, మాట్లాడుకుందాం," అంటూనే, సేనాని కుడిపక్క బోసిగా ఉండటం చూసి, కసరత్తులో ఒంటపట్టిన అలవాటు కొద్దీ అక్కడ నిలిచి డాలు అడ్డుపెట్టాడు.

మేడపైనున్న క్రియోంతునికి కనబడినది ఒక్కటే: సేనాని వారి వరుసలో కలిశాడు.

"ద్రోహి! కొట్టండి!"

బాణం ఫిలైదాసు వీపున దిగింది.

"ఎవరు?" అన్నాడు, మోకాళ్ళపై కూలుతూ.

మైరోను మేడవైపు చూశాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "శత్రువే, అయ్యా."

"అయితే... ఈ తలుపు వదలకు."

ఆయన కళ్ళు మూతపడేదాకా మైరోను తలూపుతూనే ఉన్నాడు. సూర్యుడు కుంగేవేళకు కలిద్రలో రాజన్నవాడు లేడు. ఆ తలుపును మొదట తన్నినవాడు మైరోనే.