మూడేళ్ళ పది నెలలకు సంజాయిషీ

ఆ శనివారం ఉదయం జుమానా ఇంట్లో అన్నీ మామూలుగానే ఉన్నాయి, ఒక్క జుమానా తప్ప. మూడేళ్ళు దాటిన కూతురు తాలా ఒక కాలికే మేజోడు తొడుక్కుని గదులన్నీ తిరుగుతోంది. నిజార్ పొయ్యి దగ్గర నిలబడి కాఫీ పొంగకుండా కాపలా కాస్తున్నాడు. జుమానా రొట్టెల మీద జాతర్ పొడి, ఆలివ్ నూనె కలిపి రాస్తోంది. రాస్తోందనడం కన్నా రుద్దుతోందనడం న్యాయం.

"ఆ రొట్టె నీకేం అపకారం చేసింది?" అన్నాడు నిజార్.

"అల్లుడుగారు మంచి హుషారు మీదున్నారే! అత్తగారొస్తోందనా?"

"నాకు అత్తే. నీకు అమ్మ. ఆ వరస నేను మార్చలేను కదా."

"అమ్మట అమ్మ! తనకో కూతురుందని ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది ఆవిడకి."

నిజార్ కాఫీ వంచి ఆమె ముందు పెట్టాడు. ఈ మాటలు అతనికి కొత్త కాదు. పెళ్ళాం తిట్టే తిట్లకు మూడేళ్ళుగా ఒకే చిరునామా ఉంది. అది లెబనాన్‌లో, సూర్ పట్నంలో, అత్తగారు వదాద్ ఇల్లు.

వదాద్ నిన్న సాయంత్రం డెట్రాయిట్‌లో విమానం దిగింది. రాత్రికి డియర్‌బోర్న్‌లో పినతల్లి కూతురింట్లో పడుకుంది. నది దాటితే విండ్సర్, జుమానా ఇల్లు. కారులో అరగంట దూరం. నేరుగా కెనడాకే రావచ్చుగా అంటే, ఆవిడ పీఆర్ కార్డు, అదే కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే కార్డు, గడువు తీరి రెండు నెలలైంది. గడువు తీరిన కార్డుతో కెనడా విమానం ఎక్కనివ్వరు. అమెరికా వీసా ఉంది కాబట్టి అటు దిగి, సొంత కారులో వంతెన దాటి రావడం ఒక్కటే దారి. నేలమీద గుమ్మం దాకా వచ్చిన పీఆర్‌ని పొమ్మనరు. అయితే ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడుగుతారు. అయిదేళ్ళలో రెండేళ్ళు కెనడాలో ఉండాలని చట్టం. వదాద్ ఉన్నది పద్నాలుగు నెలలు. సంజాయిషీ నచ్చకపోతే ఆఫీసరు రిపోర్టు రాస్తాడు. రాస్తే ఆ పీఆర్ పోయినట్టే. మళ్ళీ అప్లికేషన్ పెట్టి తెచ్చుకునే వయసూ కాదు ఆవిడది, పెట్టించే మనసూ లేదు కూతురికి.

మనసు విరగడానికి కారణం లేకపోలేదు. జుమానాకు రెండు కడుపులు పోయి మూడోది నిలబడిన రోజుల్లో, "నాజీని రెండు నెలలు చూసొస్తానే" అని తల్లి సూర్‌లో ఉన్న కొడుకు దగ్గరికి, అంటే జుమానా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. పురిటికి ముందే వస్తానంది. రాలేదు. నలభై రోజుల లోపు వస్తానంది. అప్పుడూ రాలేదు. పిల్లను చూడ్డానికి ఊళ్ళో తెలిసినవాళ్ళందరూ వచ్చారు. పురిటింటికి వచ్చినవాళ్ళకు అమ్మమ్మ కాచిన మొగ్లీ, ఆ బియ్యప్పిండి సోంపు పాయసం పెట్టకపోతే పిల్లకు దిక్కులేనట్టే లెక్క. జుమానా దుకాణంలో కొన్నది ప్లాస్టిక్ కప్పుల్లో పెట్టింది. "మీ అమ్మ చెయ్యేనా?" అని ఒకావిడ అడిగింది. ఆ అడగడం జుమానా ఇంకా మర్చిపోలేదు.

"నువ్వు వెళ్ళకపోతే నేను వెళ్తాను," అన్నాడు నిజార్.

"అక్కర్లేదు. నాకు రెండు మాటలు అడగాలనుంది ఆవిడని. కారులో అయితే తప్పించుకోలేదు."

*

వదాద్ చిక్కిపోయింది. డియర్‌బోర్న్ ఇంటి గుమ్మంలోనే కూతుర్ని వాటేసుకోబోతే జుమానా చెంప ఇచ్చింది, చేతులివ్వలేదు. పెట్టెలు వెనక పడేసి, పినతల్లి కూతురు కాఫీ తాగి వెళ్ళమంటున్నా వినకుండా కారు తీసింది.

"పిల్ల ఎలా ఉందే?"

"నీకెందుకు? విను, ముఖ్యమైన సంగతి చెప్తున్నా. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతారు. ఒంట్లో బాగోలేదని చెప్పు. మోకాళ్ళనో, గుండెనో. ఏదో ఒకటి."

"నాకు బాగానే ఉంది."

"బాగానే ఉందని నాకు తెలుసు! వాళ్ళకి చెప్పమంటున్నా."

"లేని జబ్బుని నా నోటితో నేను పిలుచుకోను జుమానా. అది మనింటా వంటా లేదు."

"అయితే నిజం చెప్పు. నా కొడుకంటే నాకు ప్రాణం, కూతురు ఏ గంగలో దూకినా పరవాలేదు అనుకున్నాను ఆఫీసరుగారూ, అని చెప్పు. అదైనా మనింటా వంటా ఉన్నదేగా!"

వదాద్ కిటికీలోంచి బయటికి చూసింది.

"మాట్లాడవేం? వాడికి ముప్పై ఏళ్ళు దాటాయి. అన్నం కలిపి నోట్లో పెడుతున్నావా ఇంకా? నేనిక్కడ కుట్లతో లేవలేక మంచం మీద పడుంటే పక్కింటి పోలండావిడ కేకు తెచ్చిచ్చి పోయిందమ్మా. నాకు స్నానానికి నీళ్ళు పెట్టినవాళ్ళు లేరు."

"తెలుసు తల్లీ."

"ఏం తెలుసు? ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడి, ఎవరో పిలుస్తున్నారని పెట్టేసేదానివి. ఏం తెలుసు నీకు?"

"కోప్పడు. నిన్నొద్దనను."

"నీ పర్మిషన్ ఎవడిక్కావాలి?"

వంతెన ఎక్కి నది దాటారు. చెక్‌పోస్టు గూడులోని కుర్రాడు పాస్‌పోర్టు, కార్డు తీసుకున్నాడు. కార్డు తిప్పి తేదీ చూశాడు. పెట్టెల్లో ఏముందని అడిగితే జుమానా జాతర్, ఆలివ్ కాయలు, ఎండబెట్టిన పుదీనా అని వరసగా చెప్పింది. అతను పసుపుపచ్చ చీటీ రాసి చేతికిచ్చి, కారు పక్కన పెట్టి లోపలికి వెళ్ళమన్నాడు.

"అయిపోయింది," అంది జుమానా. "ఇప్పుడు చెప్పుకో."

*

లోపల పొడవాటి బల్ల వెనక నెరిసిన జుట్టు ముడేసుకున్న ఆఫీసరు ఉంది. మొహంలో కోపమూ లేదు, చనువూ లేదు. వదాద్‌కు ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు కాబట్టి కూతురు తర్జుమా చేసి చెప్పొచ్చంది.

"మీ అమ్మగారు దేశం వదిలి ఎన్నాళ్ళయింది?"

జుమానా అడిగింది. వదాద్ వేళ్ళ మీద లెక్కపెట్టి, "మూడేళ్ళ పది నెలలు," అంది. తగ్గించి చెప్పడం కూడా చేతకాలేదు ఆవిడకి.

"ఏం పని మీద వెళ్ళారు?"

"చూసి రావడానికి," అంది వదాద్.

"మూడేళ్ళ పది నెలలు చూశారా?"

జుమానా ఆ ప్రశ్నను అరబిక్‌లోకి తెచ్చేటప్పుడు తన కారం కొంత చేర్చింది. "నీ ముద్దుల కొడుకుని అన్నేళ్ళు ఏం చూశావని అడుగుతోంది."

"చూసి రావడానికే అని చెప్పు."

ఆఫీసరు కలం కింద పెట్టింది. "అమ్మా, ఈవిడకి సరిగ్గా చెప్పండి. బలమైన కారణం ఉంటే నేను వింటాను. వినే అధికారం నాకుంది. లేకపోతే ఇవాళ రిపోర్టు రాయక తప్పదు. మీ ఇంటికి పంపిస్తాను కానీ, ఈ హోదా మాత్రం పోతుంది."

ఇది జుమానా అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. చెప్పి, గొంతు తగ్గించి, "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, మోకాళ్ళని చెప్పు," అంది. పోతే పోనీ అని మూడేళ్ళుగా అనుకుంటున్నదే, తీరా పోతుంటే చూడలేకపోతోంది.

వదాద్ చేతిసంచీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. తర్వాత తలెత్తి, కూతుర్ని కాకుండా ఆఫీసరును చూస్తూ అంది. "నేను చెప్తాను. కానీ ఈ పిల్లని పక్కకి పంపించండి. తర్జుమా చెయ్యడానికి వేరే ఎవర్నైనా పిలవండి."

తనను పొమ్మన్న మాటను తనే ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది జుమానాకు. చెప్పేసరికి చెవులు మండిపోయాయి. "విన్నారా? కన్నకూతురు పనికిరాదట. పైవాడెవడో కావాలట!" అని పైమాట కూడా ఇంగ్లీషులోనే అంది.

ఆఫీసరు గోడ పక్కన కుర్చీ చూపించింది. ఫోన్లో అరబిక్ తర్జుమా చేసే ఒకతన్ని పట్టుకుని స్పీకరు పెట్టింది. ఈజిప్టు యాసలో సలాం చెప్పాడతను. పక్కకి పంపారన్న మాటే గానీ నాలుగడుగుల దూరంలో కూర్చున్నవాళ్ళకు ప్రతి మాటా వినిపిస్తుంది. కూతురికి వీపు పెట్టి కూర్చున్న వదాద్‌కు ఆ సంగతి తోచలేదు.

"నా కొడుకుకి జబ్బు చేసింది," అంది వదాద్.

"ఏం జబ్బు?" అడిగించింది ఆఫీసరు.

"అదే. ఆ జబ్బు."

స్పీకరులో మనిషి తడబడ్డాడు. అతనూ ఆ భాషలో పెరిగినవాడే, అక్కడివాళ్ళు భయంతో పేరెత్తకుండా చెప్పేది ఏ జబ్బో అతనికి అర్థమైంది. ఉన్నమాట ఉన్నట్టు చెప్పాలి కాబట్టి, "ఆ జబ్బు అంటున్నారండీ," అని ఊరుకున్నాడు. ఏ జబ్బని ఆఫీసరు మళ్ళీ అడిగించింది. వదాద్ మళ్ళీ "అదే" అంది. మూడోసారి అడిగేసరికి ఆవిడ సంచీ విప్పి, మడతలు చిరిగిపోతున్న ఆసుపత్రి కాగితాల కట్ట తీసి బల్ల మీదికి తోసింది. ఆ ఆసుపత్రిలో కాగితాలన్నీ ఇంగ్లీషులోనే రాస్తారు. ఆఫీసరు చదువుకుంటూ పోయి, తలెత్తకుండానే, "మీ అబ్బాయి నాజీ. క్యాన్సర్. రక్తంలో," అంది.

ఆ గదిలో ఆ మాటను మామూలు మాటలా అనగలిగింది ఆవిడ ఒక్కతే.

జుమానా లేచి నిలబడింది. నిలబడ్డట్టు తనకే తెలియదు.

"రెండుసార్లు మందు ఎక్కించారు," అంటోంది వదాద్. "మొదటిసారి తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. ఈ వసంతంలో అది ఒంట్లో ఇక లేదన్నారు. అన్న వారానికి టికెట్టు కొన్నాను. మా పిల్లల్ని చిన్నప్పట్నుంచీ 'నువ్వే నన్ను పూడ్చాలి నాయనా' అని ముద్దు చేస్తాం మేము. ఊళ్ళో అందరూ అంటారు. ఆ మంచం పక్కన కూర్చుని రోజూ అన్నాను ఆ మాట. ముద్దుకి కాదు బాబూ. దేవుడికి వినబడాలని."

స్పీకరులో మనిషి అది ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం సమయం తీసుకున్నాడు.

"ఈ సంగతి మీ అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?" అంది ఆఫీసరు.

"అది కడుపుతో ఉంది. అంతకుముందే రెండు పోయాయి. చెప్తే విమానం ఎక్కేసేది. ఎక్కకపోతే దిగులుతో కుమిలిపోయేది. నా మీద కోపం పెంచుకుందనుకో, కోపంతో కడుపు పోదు. దిగులుతో పోతుంది. అందుకని కోపమే ఇచ్చాను. పిల్ల పుట్టాక చెబుదామనుకున్నా. పాలిస్తోందని ఆగాను. ఈలోగా వీడికి తిరగబెట్టింది, అక్కకి చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఇక అంతే, నెల గడిచేకొద్దీ నోరు రాలేదు."

"నువ్వెవరు!" అన్న అరుపు విని వదాద్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "నాకు ఏమివ్వాలో తేల్చడానికి నువ్వెవరమ్మా? మూడేళ్ళు నిన్ను తిట్టుకుంటూ బతికాను. పిల్లకి నీ ఫొటో కూడా చూపించలేదు. ఇప్పుడా పాపం ఏ నీళ్ళతో కడుక్కోను? చెప్పు!"

"కూర్చోండి మేడం," అంది ఆఫీసరు.

"వాడు నా తమ్ముడు! వాడు చచ్చిపోతే కూడా చూసి రావడానికే వెళ్ళానని చెప్పేదానివా?"

"ఆ మాట అనకే!" వదాద్ రెండు చేతులూ ఎత్తి గాలిలో ఆ మాటను తోసేసింది. "నన్నేమన్నా అను. ఆ మాట మాత్రం అనకు."

స్పీకరులో మనిషి, ఇది కూడా చెప్పాలా అని నెమ్మదిగా అడిగాడు. అక్కర్లేదంది ఆఫీసరు. అతనికి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. కాగితాలన్నీ లోపలికి తీసుకెళ్ళి నకళ్ళు తీసింది. ఆవిడ తిరిగొచ్చేదాకా తల్లీకూతుళ్ళు చెరో మూలా ఉన్నారు. వదాద్ ఏడవలేదు. జుమానా ముక్కు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క చున్నీ కొస వాడింది.

"రిపోర్టు రాయడం లేదు," అంది ఆఫీసరు, పాస్‌పోర్టు బల్ల మీద పెడుతూ. "కానీ అమ్మగారికి ఇది సరిగ్గా అర్థమయ్యేలా చెప్పండి. రెండేళ్ళు నిండేదాకా ఈ దేశం దాటొద్దు. అప్పటిదాకా కొత్త కార్డుకి అప్లై చెయ్యొద్దు. మధ్యలో వెళ్తే ఇంకో ఆఫీసరు ఇలా వింటారని నేను చెప్పలేను."

జుమానా తల్లి పక్కన వచ్చి కూర్చుంది. ఈసారి తన మాట ఏదీ కలపకుండా చెప్పింది.

వదాద్ మొహం పాలిపోయింది. "రెండేళ్ళా? ఈలోగా వాడికి గనక మళ్ళీ..."

"నేను వెళ్తాను," అంది జుమానా.

"చిన్నపిల్లని పెట్టుకుని..."

"నేను వెళ్తానన్నాను. నువ్వు నా పిల్లని చూసుకో. నీ వంతు అయిపోయింది."

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమంటున్నారు?"

"అర్థమైందంటోంది," అంది జుమానా.

*

కారులో కూర్చున్నాక కూడా జుమానా ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. ఫోన్ తీసి తమ్ముడి నంబరు నొక్కింది.

"ఏం చేస్తున్నావే?" అంది వదాద్ కంగారుగా.

"వాడి మొహాన ఆ జబ్బు పేరు పెట్టి అరుస్తాను. అందరూ కలిసి దాచారుగా, ఆ పేరుతోనే తిడతాను."

అవతల ఫోన్ ఎత్తారు. "అక్కా? ఏమైంది, అమ్మని రానిచ్చారా?" అన్నాడు నాజీ. ఆ గొంతు విని జుమానా నోరు తెరిచింది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎంత ప్రయత్నించినా బయటికి రాలేదు.

"జుట్టు మళ్ళీ వచ్చిందారా?" అంది జుమానా.

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"వచ్చిందక్కా," అన్నాడు నాజీ చివరికి. "ఉంగరాలు తిరిగి వచ్చింది. చూస్తే నవ్వుతావు."

జుమానా నవ్వబోయింది. నవ్వు రాకముందే తల్లి ఒళ్ళో తల పెట్టేసింది. వదాద్ ఫోన్ అందుకుని, "ఏం లేదురా, మేం ఇంటికెళ్తున్నాం," అని చెప్పి, కూతురి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.