మారువేషం వేసుకున్న హెచ్చరికలు

"అల్లం జర ఎక్కువెయ్ కాకా. చక్కెర వద్దు."

కోడ్ అదే. రాయదుర్గం మెట్రో మెట్ల కింద చాయ్ పోస్తున్న బాలనర్సయ్య గ్లాసు అందించాడు. ఆయన కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్. చాయ్ మాత్రం ఘోరంగా పెడతాడు.

"బయటికొచ్చెయ్ బిడ్డా. మీ ఆఫీసు రసజ్ఞ మనమనుకున్న మనిషి కాదు. ఆర్కిడ్ ముఠాకు అమ్ముడుపోయింది. నువ్వెవరో ఆమెకు తెల్సు."

గ్లాసు అందుకున్న ఏజెంట్ ప్రియదర్శిని పక్క టవర్‌లో టెక్నికల్ రైటర్ వేషంలో పనిచేస్తోంది. దవాఖానల ఆక్సిజన్ ప్లాంట్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు మాన్యువల్ రాసేది అక్కడే. సాయంత్రానికి ఆ మాన్యువల్ ప్రతి దవాఖానకూ వెళ్లిపోతుంది. ఆ విదేశీ ముఠా దాన్ని పాడుచేస్తుందని కబురు. కానీ రైటర్లు ఒక్కో వాక్యానికి 'వార్నింగ్', 'పేరా' అంటూ ట్యాగులు తగిలించి రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఒక్క తప్పూ దొరకలేదు.

"మా తమ్ముడు యశ్వంత్ అసొంటి ప్లాంట్ల ఆపరేటర్ సార్. మాన్యువల్ చూసే వాల్వ్ తిప్పుతడు. నేను రాను."

"ఇది ఆర్డర్."

"సస్పెండ్ చేసుకోన్రి."

ఆ ఆఫీసులో అందరూ ఆ సోర్స్ ఫైళ్లనే రివ్యూ చేస్తారు. తయారైన పేజీలు చదివే నాథుడు లేడు. వెనక్కొచ్చి సీట్లో కూర్చోగానే ప్రియదర్శిని వాటినే తెరిచింది. 'రిజర్వ్ లైను తెరవకుండా మెయిన్ వాల్వ్ మూయరాదు' అన్న హెచ్చరిక సోర్స్‌లో ఉంది, పేజీలో లేదు. అసలు ఒక్క హెచ్చరికా లేదు! ఎక్స్‌ఎంఎల్‌ను వెబ్ పేజీలుగా మార్చే స్టైల్‌షీట్‌లో ఎవరో ఒకే లైను చేర్చారు: వార్నింగ్ ట్యాగ్ కనిపిస్తే ఏమీ చూపించకు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

గుప్పున సెంటు వాసన. మానిటర్ అవతల పట్టుచీరలో రిలీజ్ మేనేజర్ రసజ్ఞ. చేతిలోని హ్యాండ్‌బ్యాగ్ చాటున పిస్టల్.

"స్టైల్‌షీట్ మార్చే పర్మిషన్ నాకొక్కదానికే ఉందండి. ఇంకో నిమిషంలో బిల్డ్ మొదలై పేజీలన్నీ తయారైపోతాయి. లేచి వెళ్లిపోండి, ప్రాణం దక్కుతుంది."

"కాల్చుకో. నేనైతే లేవ."

ప్రియదర్శిని చూపు రసజ్ఞ మీదే ఉంది, వేళ్లు కీబోర్డు మీద ఉన్నాయి. స్టైల్‌షీట్ తనది కాకపోతేనేం, సోర్స్ తనది. ఫైండ్, రీప్లేస్. ప్రతి వార్నింగ్ ట్యాగ్‌నూ మామూలు పేరా ట్యాగ్‌గా మార్చేసింది. ఆ స్టైల్‌షీట్ హెచ్చరికలను మింగుతుంది గానీ, పేరాల జోలికి పోదు. తను మామూలు రైటర్‌లా దూరినట్టే, అవీ మామూలు పేరాల్లా దూరిపోతాయి. సేవ్ కొట్టిన మరుక్షణం బిల్డ్ మొదలైంది.

రసజ్ఞ ఫోన్‌లో కొత్త మాన్యువల్ తెరిచింది. ప్రతి హెచ్చరికా ఎక్కడిదక్కడే ఉంది. ఆమె ప్రియదర్శిని వైపు తిరిగింది. పిస్టల్ ఎత్తేలోపే ఆమె మణికట్టు మీద వేడి చాయ్ పడింది. ప్రియదర్శిని ఐడీ కార్డులోని మైక్‌లో అంతా విన్న బాలనర్సయ్య, కెటిల్‌తో సహా పరుగెత్తుకొచ్చాడు.

బేడీలు పడ్డాక కూడా రసజ్ఞ పొగరు తగ్గలేదు. "హెచ్చరికను మామూలు పేరాలో పెట్టకూడదు. మన రాత నియమాల స్టైల్ గైడ్ ఒప్పుకోదండి!"

"బగ్ అని కంప్లైంట్ రాయి," అంది ప్రియదర్శిని. "లోపల మస్తు టైముంటది."