వోలోస్ నుంచి వచ్చిన ఓడ

పెట్టె ఉంది. లోపల ఓడ లేదు.

ఉదయం ఎనిమిది. గల్ఫ్ నగరంలోని వెస్ట్ బేలో ఒక షిప్పింగ్ కంపెనీ ఆఫీసు. సెక్యూరిటీ ఇన్‌ఛార్జి జయకుమారి వంగి చూసింది. మూత స్క్రూలు పద్ధతిగా విప్పి ఉన్నాయి. పక్కనున్న రెండు పెట్టెల జోలికి ఎవరూ వెళ్ళలేదు.

వోలోస్ గ్రీసులో రేవు పట్టణం. గ్రీకు పురాణంలోని ఆర్గో ఓడ బయలుదేరింది అక్కడినుంచేనంటారు. తర్వాత పొగాకు గోదాములు వచ్చాయి. సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. ఆ రేవుతో కంపెనీకి కొత్త ఒప్పందం కుదిరింది. ఆ సందర్భంగా సాయంత్రం ఊరి అవతల లుసైల్‌లో ప్రదర్శన. అక్కడ పెట్టాల్సిన ఆర్గో నమూనానే ఇప్పుడు మాయమైంది.

ప్రదర్శన బాగా జరిగితే, దాని ఏర్పాట్లు చూస్తున్న మోనికా వోలోస్ ఆఫీసుకు మేనేజర్. చెడితే ఆ పోస్టు ఆమె సహోద్యోగి ఎడ్విన్‌ది.

నిన్న పెట్టెలు వచ్చాక ఆ గదిలోకి వెళ్ళింది ముగ్గురే. డ్రైవర్ మహబూబ్, ఎడ్విన్, అకౌంట్స్‌లో పనిచేసే మోనికా భర్త నితీష్. మోనికా మాత్రం నిన్నటినుంచీ లుసైల్‌లోనే ఉంది. పెట్టెల్ని ఇంకా చూడనేలేదు.

"ఏ డబ్బాల ఏమున్నదో ఎరుకేనా?" నిజామాబాద్ మహబూబ్‌ని జయకుమారి అతని యాసలోనే అడిగింది.

"మూడు ఒక్కతీరుగనే ఉన్నయి మేడమ్. మీద గ్రీకు రాత. నాకేం సమజైతది?"

ఎడ్విన్ దాచుకోలేదు. "పోస్టు ముందు ఆమెకే అన్నారని కుళ్ళుకున్నాను. నిజమే. కానీ దొంగతనం చెయ్యలేదండీ."

ఆఫీసంతా అతన్నే అనుమానంగా చూస్తోంది.

మోనికా రాగానే జయకుమారి అందర్నీ కూర్చోబెట్టింది.

"మిగిలిన రెండింట్లో ఒకదాంట్లో ఫొటోలున్నాయట, ప్రదర్శనకు అవైనా పంపిద్దాం. నితీష్ గారూ, ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

నితీష్ లేచి, రెండింటిలో ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. జయకుమారి మూత తీయించింది. పొగాకు గోదాముల ఫొటోలు.

"ఇందులోనే ఉన్నాయని ఎలా తెలిసింది?"

"పైన రాసుంది కదా..." అని నాలిక కరుచుకున్నాడు.

"గ్రీకులో రాసుంది. దొంగ మూడింట్లో సరైన పెట్టె ఒక్కటే విప్పాడు. అంటే చదవగలిగినవాడు."

మోనికా తెల్లబోయింది. "మీకు గ్రీకెప్పుడొచ్చింది?"

నితీష్ తలెత్తలేదు. "ఆ రేవు కెప్టెన్ గ్రీకులో మెసేజ్ పెడితే చదివి నవ్వుకునేదానివి. నీ భుజం మీంచి చదవాలని నేర్చుకున్నాను."

"ఏం చదివారు?" మోనికా అడిగింది.

"రేవు లోతు. సిమెంటు టన్నులు. ఆయన మనవరాలి అల్లరి."

"అంతేనని తెలిసీ ఎందుకు తీశారు?"

"ప్రదర్శన ఆగితే నువ్వు వెళ్ళవని."

ఓడ అతని కారు డిక్కీలో, దుప్పట్లో చుట్టి ఉంది. తెరచాప కూడా నలగలేదు.

మోనికా దాన్ని రెండు చేతులా పట్టుకుంది. "భాష నేర్చుకుంటున్నానని ఒక్క మాట చెప్పుంటే ఇద్దరికీ వీసా అడిగేదాన్ని. మీకు రావడం ఇష్టం లేదేమోనని ఒక్కదానికే అడిగాను."

తర్వాత జయకుమారి వైపు తిరిగింది. "రిపోర్టులో ఆయన పేరే రాయండి మేడమ్. ఎడ్విన్ మీద మాట పడకూడదు."

ఎడ్విన్ ఫొటోల పెట్టె ఎత్తుకుని, ఆమెతోపాటు లిఫ్టు వైపు నడిచాడు.

జయకుమారి నితీష్‌ని చూసింది. అతని కళ్ళు వాళ్ళిద్దరి వెంటే ఉన్నాయి. లిఫ్టు తలుపులు మూసుకున్నా అతను చూపు తిప్పుకోలేదు.