సోదమ్మ పెట్టె

రేపటిపలక చెప్పినట్టే తొమ్మిదింపావుకు కరెంటు పోయింది. మంగతాయారు అప్పటికే కుట్టుమిషను బాల్కనీ వెలుతురులోకి లాక్కుంది. మధురవాడలో ప్రతి ఇంటి గోడకీ ఆ పలక ఉంది. రేపూ ఆపైనా జరగబోయేది శాతాల్లో చెబుతుంది, చెప్పింది ఇంచుమించు జరుగుతుంది. ఇక జనానికి ఎదురుచూపులెక్కడివి, ఖర్మ.

సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో పిల్లల హాలోవీన్, దెయ్యాల వేషాల పండగ. అందుకోసం ఆవిడ ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెతో సోది చెప్పే గది కడుతోంది. కోసిన కిటికీలో చీర కట్టిన సోదమ్మ బొమ్మ, ముందు చేటలో బియ్యం. ప్రశ్న అడిగితే కింది కన్నంలోంచి చీటీ పడాలి. "అవును", "కాదు", "మళ్ళీ రా", మూడే రకాలు.

బొమ్మ వెనక కూర్చుని చీటీలు జారవిడిచే పని భర్త సన్యాసిరావుది. ముప్ఫై ఏళ్ళు రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివిన గొంతు ఆయనది. మార్చిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. మాట తిరిగొచ్చే అవకాశం నాలుగు శాతమంది పలక. ఐదు దాటకపోతే ఆసుపత్రులు వైద్యం మొదలుపెట్టవు. ఆ రోజు నుంచి ఆయనా ప్రయత్నం మానేశాడు. మంగతాయారుకి పలక మీదకన్నా ఆయన మీదే ఎక్కువ కోపం.

"లోపలికెళ్ళి కూకోండి. ఓపాలి చూద్దాం," అందామె.

ఆయన వంగి పెట్టెలో దూరాడు. సోది అడిగేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆమె బియ్యం మీద చెయ్యి పెట్టింది. పరీక్షకి ఏదో ఒకటి అడుగుదామనుకుంది గానీ, నోట్లోంచి వేరేది వచ్చేసింది.

"సోదమ్మా, మా ఆయన మళ్ళీ నాతో మాటాడతారా?"

అట్ట మీద గీతలు గీసిన పెన్సిలు ఆయన దగ్గరే ఉండిపోయినట్టుంది, లోపల గీకుతున్న చప్పుడైంది. చీటీ పడింది. అచ్చు వేసింది కాదు, ఎడమచేత్తో రాసిన వంకర అక్షరాలు.

"ముద్దముద్దగా మాటాడితే నవ్వవు కదా?"

మంగతాయారు ఆ చీటీని మళ్ళీ చదివింది. పలక చెప్పేసింది గనక ఏడు నెలలుగా ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తనూ అడగలేదు. ఆ నాలుగు శాతంలో ఆయన సిగ్గు లెక్కకి వచ్చిందో లేదో ఎవరికి తెలుసు?

"నవ్వనండి. ఎలాగొస్తే అలాగే అనండి. ముందు నా పేరనండి."

"మ్... మం..."

ఆమె నేలమీద కూర్చుని అట్టకి చెవి ఆనించింది.

"ఊఁ," అంది. "తర్వాత?"